ఇంటికొక్క ఫోను: పర్లాకిమిడి – గుణుపూర్ బడుల ప్రాజెక్టు డైరీ

జూన్, బడులు తెరిచాక

పిల్లలు ఫోనునూ ఇంటర్నెట్టునూ భద్రంగా వాడేలా చూసే ఈ పని ఒడిశాలో గజపతి జిల్లాలో పర్లాకిమిడి, కాశీనగర్ వైపు బడులకూ, రాయగడ జిల్లాలో గుణుపూర్ వైపు బడులకూ, హాస్టళ్ళకూ. పిల్లల చదువు ఒడియాలో. ఇంట్లో మాట తెలుగు, కొండ దగ్గరి ఊళ్ళలో సవర. ఫోనులో మెనూలు ఇంగ్లీషు. చాలా ఇళ్ళలో తండ్రి సూరత్‌లోనో కేరళలోనో పనిలో ఉంటాడు. ఆయన పంపిన డబ్బు తల్లి ఫోనులో పడుతుంది. ఆ ఫోను చదవగలిగేది మాత్రం ఏడో తరగతి పిల్ల. బ్యాలెన్సు చూసేదీ, గ్యాస్ బుక్ చేసేదీ, బ్యాంకు మెసేజీ చదివి చెప్పేదీ ఆ పిల్లే.

అందుకే "పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి" అనే సలహా ఇక్కడ గడప దాటదు. పిల్ల ఫోను పట్టకపోతే ఇంటి పని ఆగుతుంది. మా పని రెండు భాగాలు. ఒకటి, ఉన్న ఒక్క ఫోనునే తల్లీ పిల్లా కలిసి వాడుకునేలా సర్దడం. రెండు, ఏదైనా జరిగిన రోజున పిల్ల భయపడకుండా వచ్చి చెప్పేలా ఇంటినీ బడినీ సిద్ధం చేయడం. రెండోదే ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఎక్కువ మేలు చేసేదీ అదే.

గూగుల్ ఫ్యామిలీ లింక్‌ను మొదటి మెట్టుగా పెట్టలేదు. పిల్ల ఫోనును తల్లిదండ్రులు తమ ఫోను నుంచి అదుపు చేసే యాప్ అది. మంచి సాధనమే, కానీ అది తల్లికో ఫోను, పిల్లకో ఫోను ఉన్న ఇంటికి తయారైంది. ఒకే ఫోనులో తల్లి ఖాతా, పర్యవేక్షణలో ఉన్న పిల్ల ఖాతా సవ్యంగా కలిసి నడవవు. ఇంకో చిక్కు: ఫోను కొన్న రోజు జీమెయిల్ తెరిచింది దుకాణంలో కుర్రవాడు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. రికవరీ నంబరు ఒక్కోసారి దుకాణానిదే ఉంటుంది. కాబట్టి ఏ సెట్టింగుకైనా ముందు చూడాల్సింది ఇది: సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఖాతా నిర్వహణ, సెక్యూరిటీ, రికవరీ ఫోను. అక్కడ తల్లి నంబరు లేకపోతే పెట్టాలి. ఖాతాలోకే వెళ్ళలేని పరిస్థితి ఉంటే తల్లి పేరున కొత్త జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి రేషన్ కార్డు ఉంచే చోట ఉంచమంటున్నాం. ఫోను గ్యాలరీలో ఫోటో తీసి దాచుకుంటే ఫోను పోయిన రోజు అదీ పోతుంది.

జూన్ చివర, తల్లులను కూర్చోబెట్టడం

మిషన్ శక్తి మహిళా స్వయం సహాయక సంఘాల సమావేశాల వెనకే పెట్టుకుంటున్నాం. వేరే రోజు పిలిస్తే కూలి పోతుంది. ఒక్కసారికి పన్నెండు మంది మించకూడదు, చూపించేవాళ్ళు ఇద్దరు ఉండాలి. ఎవరి ఫోను వాళ్ళ చేతిలోనే ఉండాలి, మేము తీసుకుని చేసి ఇవ్వకూడదు. మేము చేసి ఇచ్చిన సెట్టింగు తల్లికి గుర్తుండదు, మర్నాడు ఎవరో తీసేసినా తెలియదు. పిల్లల్ని పక్కన కూర్చోబెడతాం. వాళ్ళ వెనక చేస్తే అది కాపలా అవుతుంది, వాళ్ళు దారులు వెతుకుతారు.

క్రమం ముఖ్యం. డబ్బుతో మొదలుపెట్టాలి. పిల్లల భద్రత అంటే కొందరు "మా పిల్ల అలాంటిది కాదమ్మా" అని లేచిపోతారు. డబ్బు అంటే అందరూ వింటారు.

యూపీఐలో మొదట చూడాల్సింది యూపీఐ లైట్. ఇది ఆన్‌లో ఉంటే ఒక్కో చెల్లింపు 1000 రూపాయల వరకు పిన్ అడగకుండానే పోతుంది, అందులో 5000 వరకు నిల్వ ఉంచవచ్చు. ఆటలో డైమండ్లు కొన్న పిల్లవాడికి అమ్మ పిన్ తెలియనక్కర్లేదు. పిల్లలు ఆ ఫోను వాడే ఇంట్లో దాన్ని మూసేయడమే మేలు, మూస్తే మిగిలిన డబ్బు ఖాతాలోకి తిరిగి వస్తుంది. తరువాత ఆటోపే జాబితా తెరిచి, నెలనెలా దేనికి కోత పడుతోందో చూసి అక్కర్లేనివి రద్దు చేయాలి. ఆ తరువాత ఫోనులో ఎవరెవరి వేలిముద్రలు ఉన్నాయో చూడాలి. పిల్ల వేలు కూడా నమోదై ఉంటే, వేలితో తెరుచుకునే ప్రతి యాప్ ఆమెకూ తెరుచుకుంటుంది. ఆఖరున ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టాలి.

పిన్ మార్చేటప్పుడు ఒక మాట తప్పనిసరిగా చెబుతున్నాం: పిల్ల ఎదుటే మార్చండి, ఎందుకు మారుస్తున్నారో పిల్లకు చెప్పండి. "నిన్ను నమ్మక కాదు, ఎవరైనా నిన్ను బెదిరించి అడిగితే నీకు తెలియకపోవడమే నీకు మంచిది." ఈ మాటను పిల్లలు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇది నిజం.

ఇక ఏపీకే ఫైళ్ళు, అంటే ప్లే స్టోర్ బయటినుంచి యాప్ ఎక్కించే ఫైళ్ళు. చలానా అనీ, రైతు పథకం అనీ, పెళ్ళి కార్డు అనీ వాట్సాప్‌లో వస్తాయి. తల్లి తెరవదు, పిల్లకు ఇస్తుంది. పిల్ల తెరిచి ఇన్‌స్టాల్ నొక్కుతుంది. ఆ తరువాత ఫోనుకు వచ్చే ఓటీపీ మెసేజీలు అవతలివాడికి కనబడతాయి. దీనికి అడ్డు ఒక్క స్విచ్: సెట్టింగ్స్, యాప్స్, స్పెషల్ యాప్ యాక్సెస్, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ ఆఫ్ చేయాలి. కంపెనీని బట్టి ఈ మెనూ వేరే చోట ఉంటుంది, సెట్టింగ్స్ పైన వెతుకుడు గడిలో "అన్‌నోన్" అని కొడితే దొరుకుతుంది. ఫోను భాష తెలుగులోకి మార్చి ఉంటే ఇంగ్లీషు మాట కొట్టినా దొరకకపోవచ్చు, అప్పుడు మెనూలోనే వెతకాలి.

వాట్సాప్‌లో ప్రైవసీ కింద గ్రూపులు, ప్రొఫైల్ ఫోటో రెండూ "మై కాంటాక్ట్స్"కు మార్చాలి. కాల్స్ కింద తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టే స్విచ్ ఉంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయాలి. స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్ మూడు చోట్లా ఆపేయాలి. ఊరి గ్రూపులో ఎవడో పెట్టిన చెడ్డ వీడియో గ్యాలరీలో చేరి చిన్నపిల్లవాడికి కనబడడం ఇక్కడ మాటిమాటికీ ఎదురయ్యే గొడవ, ఆ ఒక్క మార్పుతో అది చాలావరకు ఆగుతుంది. లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియని కంప్యూటరు ఉంటే లాగౌట్ చేయాలి.

చిన్నపిల్లలకు ఫోను ఇచ్చేటప్పుడు యాప్ పిన్నింగ్ చాలు, అంటే తెరిచిన ఒక్క యాప్ దాటి వెళ్ళకుండా కట్టేయడం. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి, "అన్‌పిన్ చేయడానికి పిన్ అడుగు" అన్నది కూడా ఆన్ చేయాలి. పాఠం వీడియో తెరిచి, రీసెంట్స్‌కు వెళ్ళి, యాప్ గుర్తు మీద నొక్కితే "పిన్" అనే ఎంపిక కనిపిస్తుంది. ఫోనుకు తెర తాళం లేకపోతే ఇది పనికిరాదు.

జులై, రథయాత్ర తరువాత: బడి కంప్యూటర్లు

ల్యాబుల్లో మొదట చూడాల్సింది ఫిల్టరు కాదు, గడియారం. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అరిగిపోతే కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ తేదీ ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే ప్రతి సైటూ "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. పని జరగాలి కాబట్టి టీచరు "అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పొండి" అంటారు. అలా బడిలోనే పిల్లలు హెచ్చరికను దాటేయడం నేర్చుకుంటున్నారు. మందు చాలా చవక: సీఆర్ 2032, మూడు వోల్టుల బ్యాటరీ. ప్లగ్ తీసి, పాతది పైకి లేపి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీ సరిచేయాలి. తరువాత విండోస్‌లో సమయ మండలం కోల్‌కతాకు పెట్టి ఆటోమేటిక్ చేయాలి. ల్యాబుకు ఎన్ని కంప్యూటర్లుంటే అన్ని బ్యాటరీలు, అదనంగా రెండు.

తరువాత ఖాతాలు. పిల్లలు వాడే లాగిన్ "స్టాండర్డ్" రకం కావాలి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇద్దరు టీచర్ల దగ్గర ఉండాలి. ఒకరి దగ్గరే ఉంటే బదిలీ అయిన రోజు ల్యాబు తాళం పడినట్టే. పిల్లలు సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి అలాగే వదిలి వెళ్ళడం ప్రతి ల్యాబులో ఉంది, తరువాతి పీరియడ్ పిల్లవాడు ఆ మెయిలూ ఫోటోలూ చూస్తాడు. క్రోమ్‌ను గెస్ట్ మోడ్‌లో తెరిచే షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద పెట్టి, మామూలు క్రోమ్ గుర్తును తీసేస్తున్నాం.

ఫిల్టరు కోసం క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ కుటుంబ డీఎన్ఎస్ వాడుతున్నాం. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా ఇచ్చే సేవ, ఈ రకం చెడ్డ సైట్లకు చిరునామా ఇవ్వదు. రౌటరు డీహెచ్‌సీపీ పేజీలో (కంప్యూటర్లకు నెట్ వివరాలు పంచే చోటు) మొదటి గడిలో 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3. రెండో గడిలో ఫిల్టరు లేని పాత 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) వదిలేస్తే, కంప్యూటరు ఒకసారి ఇటూ ఒకసారి అటూ అడుగుతుంది. ఫిల్టరు ఒక రోజు పనిచేసి ఇంకో రోజు పనిచేయనట్టు కనబడుతుంది. ఐపీవీ6 (కొత్త రకం నెట్ చిరునామాలు) ఉన్న ఫైబర్ లైన్లలో ఇంకో సందు ఉంది: రౌటరు కంపెనీ వాళ్ళ ఐపీవీ6 డీఎన్ఎస్‌ను పంచుతుంది, ఫిల్టరు పక్కనుంచి దారి తెరుచుకుంటుంది. అక్కడ 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 పెట్టాలి, లేదా ఐపీవీ6 ఆపాలి. కొన్ని ఫైబర్ బాక్సుల్లో ఈ గడులు కంపెనీ వాళ్ళు తాళం వేసి ఉంచుతారు. అప్పుడు ప్రతి కంప్యూటరు అడాప్టరులో విడిగా పెట్టక తప్పదు. రౌటరు పాస్‌వర్డ్ అడుగున స్టిక్కరు మీద ఉన్నదే ఇంకా ఉంటే ముందు అది మార్చాలి.

పెట్టాక పరీక్షించడానికి చెడ్డ సైటు తెరవనక్కర్లేదు. "న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్" అని క్లౌడ్‌ఫ్లేర్ పరీక్ష చిరునామా ఉంది, అది తెరుచుకోకపోతే ఫిల్టరు పనిచేస్తున్నట్టు. రౌటరులో అన్నీ సరిగా ఉన్నా తెరుచుకుంటే కారణం ఎక్కువగా క్రోమ్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్, అంటే రౌటరును అడగకుండా క్రోమ్ సొంతంగా చిరునామా వెతుక్కునే సెట్టింగు. విండోస్ రిజిస్ట్రీలో క్రోమ్ పాలసీల కింద "డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ మోడ్"ను ఆఫ్ అనీ, "ఇన్‌కాగ్నిటో మోడ్ అవైలబిలిటీ"ని 1 అనీ పెడితే రెండు దారులూ మూసుకుంటాయి. ఎడ్జ్ ఉన్న చోట దాని పాలసీలు విడిగా పెట్టాలి, చాలామంది అది మరిచిపోతారు.

తల్లుల ఫోన్లలో ఇదే ఫిల్టరు ప్రైవేట్ డీఎన్ఎస్ రూపంలో పెట్టవచ్చు, ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది. అక్కడ అంకెలు తీసుకోదు, పేరు కొట్టాలి: ఫ్యామిలీ, చుక్క, క్లౌడ్‌ఫ్లేర్, హైఫన్, డీఎన్ఎస్, చుక్క, కామ్, మధ్యలో ఖాళీ లేకుండా. ఒక్క అక్షరం తప్పితే ఫోనులో నెట్ మొత్తం ఆగిపోతుంది. అప్పుడు ఇంటివాళ్ళు ఫోను పాడైందని దుకాణానికి పట్టుకుపోతారు, అక్కడ మొత్తం రీసెట్ కొట్టి ఇస్తారు. కాబట్టి పెట్టిన ప్రతి ఫోను వెనక కవరులో చీటీ ఉంచుతున్నాం: "నెట్ రాకపోతే ప్రైవేట్ డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్ చేయండి." కొన్ని వైఫైలు ప్రైవేట్ డీఎన్ఎస్ వాడే 853 పోర్టును (నెట్ దారిని) ఆపుతాయి, అక్కడా ఇదే లక్షణం.

ఈ ఫిల్టర్లు చేయగలిగింది ఇంతే అని ప్రతి సమావేశంలో చెబుతున్నాం. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ఇవి ఆపవు. ఇన్‌స్టాగ్రామ్‌లో మాట కలిపే అపరిచితుడిని ఆపవు. పిల్లలకు నిజంగా దెబ్బ తగిలేది అక్కడే.

ఆగస్టు: ఫోటోలు, హాస్టళ్ళు

పంద్రాగస్టు వేడుకల ముందు బడులకు ఇచ్చిన నియమం ఒకటే: ముఖం పెడితే పేరు పెట్టవద్దు, పేరు పెడితే ముఖం పెట్టవద్దు. బహుమతి తీసుకుంటున్న అమ్మాయి ఫోటో కింద పేరు, తరగతి, ఊరు మూడూ రాసి ఫేస్‌బుక్‌లో పెడితే, ఆ పిల్లతో పరిచయం నటించడానికి అవతలివాడికి కావలసినదంతా దొరికినట్టే. ఐడీ కార్డు మెళ్ళో ఉంటే తిప్పించండి. ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే తీసిన చోటు వివరం దానితో వెళ్ళవచ్చు, మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది.

హాస్టళ్ళలో అసలు సందు మేట్రన్ ఫోను. పిల్లలు దాంతోనే ఇంటికి మాట్లాడతారు, ఆ నంబరు నలుగురి చేతిలో పడుతుంది, తరువాత ఎవరో తిరిగి చేసి ఫలానా పిల్లను పిలవమంటారు. దీనికి విడిగా ఒక కీప్యాడ్ ఫోను, ఒక రిజిస్టరు. ప్రతి పిల్లకూ ఇంటివాళ్ళు ఇచ్చిన రెండు నంబర్లు మాత్రమే ఫోనులో ఎక్కించాలి. కొన్ని మోడళ్ళలో కాంటాక్టుల్లో లేని నంబర్లను అడ్డుకునే వీలుంది, అది చూసి కొనాలి. పిల్ల మాట్లాడుతున్నంతసేపు మేట్రన్ పక్కన నిలబడకూడదు, గుమ్మం అవతల ఉండాలి. హాస్టలులోనే ఎవరైనా బాధపెడుతుంటే పిల్ల ఇంటికి చెప్పగలిగేది ఆ ఫోనులోనే.

ఆగస్టు, సెప్టెంబరు: ఏదైనా జరిగితే

టీచర్లతో ఎక్కువసేపు కూర్చున్నది దీని మీదే. ఒక పిల్ల అశ్లీల ఫోటో బయటికి వచ్చిందని తెలియగానే జరిగేది ఇది: చూసినవాళ్ళు సాక్ష్యం కోసమని హెడ్‌మాస్టరుకు పంపుతారు, ఆయన కమిటీ గ్రూపులో పెడతారు. మంచి ఉద్దేశంతోనే ఆ ఫోటో ఇంకో పాతికమంది ఫోన్లలోకి చేరుతుంది. పిల్లల అశ్లీల చిత్రాన్ని పంపడం ఐటీ చట్టం 67బీ కింద నేరం, మొదటిసారికే అయిదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అలాంటిదాన్ని ఉంచుకోవడం, చూడడం గురించి కూడా సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో కఠినంగా తీర్పు చెప్పింది.

కాబట్టి నియమం: ఫోటోను ఎవరూ పంపకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు. రాసుకోవలసినవి వేరే ఉన్నాయి: ఏ యాప్, ఏ ఖాతా పేరు, ప్రొఫైల్ లింకు, ఫోను నంబరు, తేదీ, సమయం, డబ్బు అడిగితే ఎంత, ఏ యూపీఐ ఐడీకి. బెదిరింపు మాటలున్న చాట్‌ను స్క్రీన్‌షాట్ తీయవచ్చు, పిల్ల ఫోటో ఉన్న భాగాన్ని కాదు. చాట్ చెరపకూడదు. డబ్బు కట్టకూడదు, ఒకసారి కడితే మళ్ళీ అడుగుతాడు. వివరాలన్నీ రాసుకున్నాకే బ్లాక్ చేయాలి.

తెలిసినవాళ్ళు పోలీసుకు చెప్పడం పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. "బడి పేరు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అన్న హెడ్‌మాస్టరుకు 21వ సెక్షన్ చూపించాలి: చెప్పకపోతే జైలు, సంస్థ బాధ్యుడికైతే ఏడాది వరకు. తల్లులకు మాత్రం 24వ సెక్షన్ చెబుతున్నాం, ఎందుకంటే వాళ్ళ భయం ఠాణా. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో పిల్లకు నచ్చిన చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు, రాత్రి ఠాణాలో ఉంచకూడదు. 26వ సెక్షన్ ప్రకారం అనువాదకుణ్ణి పెట్టుకోవచ్చు. ఒడియా రాని తల్లి, సవర మాత్రమే ధారాళంగా మాట్లాడే పిల్ల ఉన్న చోట ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, ముందే అడగాలి.

సరిహద్దు చిక్కు ఇంకొకటి. ఇల్లు ఆంధ్రలో పాతపట్నంలో, బడి పర్లాకిమిడిలో, నేరం చేసినవాడు ఎక్కడో. "ఇది మా పరిధి కాదు" అనే మాట వినిపిస్తే, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ చెబుతుంది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

నంబర్లు మూడు. డబ్బు పోతే 1930, వెంటనే. చేతిలో పన్నెండంకెల యూపీఐ రిఫరెన్సు నంబరు, బ్యాంకు పేరు, సమయం ఉంచుకుని చేయాలి. పిల్లకు ఆపద అయితే 1098. ప్రాణం మీదికి వస్తే 112. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల చిత్రాల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇచ్చే వీలుంది, కానీ అలా ఇస్తే కేసు నడకను మనం తెలుసుకోలేం.

ఫోటో ఇంకా వ్యాపించకుండా ఆపడానికి "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది, తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ నడుపుతుంది. ఫోటో ఫోను దాటి వెళ్ళదు, దాని గుర్తు సంఖ్య మాత్రమే వెళ్ళి, చేరిన కంపెనీలు ఆ సంఖ్యతో పోల్చి తీసేస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అందులో ఉన్నాయి. వాట్సాప్ చాట్‌ల లోపలికి అది వెళ్ళలేదు, ఆ సంగతి పిల్లకు ముందే చెప్పాలి, లేనిపోని ఆశ పెట్టకూడదు.

సెప్టెంబరు: పెట్టె, కార్డులు

ఫిర్యాదు పెట్టె హెడ్‌మాస్టరు గది ముందు పెడితే ఖాళీగానే ఉంటుంది, వేసేవాళ్ళు అందరికీ కనబడతారు కాబట్టి. చోటు మార్చడం కంటే పద్ధతి మార్చడం బాగా పనిచేసింది. శనివారం ఆఖరి పీరియడ్‌లో అందరికీ ఒకే రకం చీటీ ఇస్తాం. చెప్పేది ఉన్నవాళ్ళు రాస్తారు, లేనివాళ్ళు ఖాళీగా మడుస్తారు, అందరూ పెట్టెలో వేస్తారు. ఎవరు రాశారో పక్కవాడికి తెలియదు. చీటీ మీద అయిదు బొమ్మలు ఉన్నాయి: ఫోను, డబ్బు, ఫోటో, పెద్ద మనిషి, తోటి పిల్ల. రాయలేని పిల్ల బొమ్మ మీద గీత పెడుతుంది. తాళాలు రెండు, తాళంచెవులు ఇద్దరి దగ్గర, వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా మహిళా టీచరు. అదే రోజు తెరవాలి. సోమవారానికి వదిలితే పిల్ల ఆదివారమంతా భయంతో ఉంటుంది.

ఇంటి కార్డు ఏ5 సైజు, 125 మైక్రాన్ల లామినేషను. ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా. సవరకు కార్డు కాదు, ఊరి పెద్దమ్మ గొంతుతో రికార్డు చేసిన వాయిస్ మెసేజీ. సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టి పనిచేసింది ఈ పర్లాకిమిడి నేల మీదే, మనం ఇప్పుడు ఒడియా కరపత్రం ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. కార్డు మీద మొదటి వాక్యం సెట్టింగు గురించి కాదు, తల్లీ తండ్రీ పిల్లకు ఇచ్చే మాట: "ఏం జరిగినా మాకు చెప్పు. చెప్పినందుకు కొట్టం, ఫోను లాక్కోం, చదువు మాన్పించం." చదువు మాన్పించం అన్నది అమ్మాయిల కోసం చేర్చాం. వాళ్ళు దాచిపెట్టేది ఎక్కువగా ఆ భయంతోనే. తల్లిదండ్రుల చేత ఈ మాటను పిల్ల ఎదురుగా పైకి చదివిస్తున్నాం, చదవలేకపోతే మేము చదివి వాళ్ళ చేత అనిపిస్తున్నాం. కొందరు తండ్రులు మూడో ముక్క దగ్గర ఆగిపోతారు. అక్కడ తొందరపెట్టకూడదు, ఆగి మాట్లాడాలి.

దసరాకు ముందు, మిగిలిన పని

పండక్కి తండ్రులు ఊరొస్తారు, కొత్త ఫోన్లు వస్తాయి, పాతవి పిల్లల చేతికి దిగుతాయి. పాత ఫోనులో తండ్రి జీమెయిల్, యూపీఐ, ఇన్‌స్టాగ్రామ్ లాగిన్ అన్నీ అలాగే ఉంటాయి. క్రమం ఇది: ముందు యూపీఐ యాప్‌లో ఖాతా తీసేయాలి, తరువాత వాట్సాప్‌ను కొత్త ఫోనుకు మార్చాలి, తరువాత సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించాలి, ఆఖరున ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా తొలగించకుండా బటన్లతో రీసెట్ కొడితే ఫోను పాత పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతుంది. ఇలా రెండో ఫోను చేరిన ఇంట్లోనే ఫ్యామిలీ లింక్ మొదలవుతుంది, తండ్రి మళ్ళీ రైలెక్కకముందే ఆయన కొత్త ఫోనులోనూ తల్లి ఫోనులోనూ పెట్టించాలి. కాశీనగర్ వైపు బడుల్లో బ్యాటరీలు మార్చడం, గుణుపూర్ హాస్టళ్ళకు కీప్యాడ్ ఫోన్లు కొనడం, సవర వాయిస్ మెసేజీలో 1098 అంకెలను ఇంకా నెమ్మదిగా మళ్ళీ రికార్డు చేయడం పండగ సెలవుల్లోపు పూర్తి కావాలి.